లాక్ అవునో కాదో చూడబోయి

మా చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే. "అమ్మాయి హైటెక్ సిటీలోనేనా?" కాదు, సికింద్రాబాద్‌లో, క్లాక్ టవర్ దగ్గర అని అమ్మ చెప్పేది. అవతలివాళ్ళు "పోనీలే, ఏదో ఒకటి" అని ఓదార్చి పెట్టేసేవారు.

వాళ్ళని అనుకుని లాభం లేదు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అంటే నగరం ఆ చివరనున్న అద్దాల మేడలే. మా కంపెనీ ఒక ప్లైవుడ్ కొట్టు మీద రెండో అంతస్తు. మనుషులం ఆరుగురం, వెనక్కి వాలినా పడెయ్యని కుర్చీలు నాలుగు. కింద రంపం మొదలైతే పైన టీ గ్లాసులు వణికేవి. అయినా నాకు పొద్దున్నే మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కుతుంటే ఒళ్ళు తేలిపోయేది. మెళ్ళో కార్డు, చేతిలో టిఫిను డబ్బా, బుర్రలో రాత్రంతా నలిగిన ప్రోగ్రాము. నా అంత గొప్ప మనిషి ఆ బోగీలో లేదని గట్టి నమ్మకం.

ఆ గొప్పతనానికి ఆరు నెలలే గడువు. "ఆరు నెలలు చూస్తాం, పనికొస్తే ఉంచుకుంటాం" అని చేరిన రోజే చెప్పారు మా యజమాని. ఆరో నెల నడుస్తోంది. విజయనగరం నుంచి వచ్చి పదేళ్ళయినా ఈ ఊరి ఉద్యోగాల్ని నమ్మని మా నాన్న, బీయెడ్ దరఖాస్తు తెచ్చి, అన్నీ నింపి, నా సంతకం ఒక్కటీ వదిలి బీరువాలో పెట్టారు. ఉద్యోగం ఖాయం చేస్తూ లెటర్ ఇస్తే ఆ కాగితం చింపొచ్చు, లేకపోతే సంతకం పెట్టాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదుగానీ, బీరువా తలుపు కిర్రుమంటే చాలు నాకు అన్నం సయించేది కాదు.

నా లెటర్ ఒక కంటి ఆసుపత్రి చేతిలో ఉంది. బొల్లారంలో చిన్నది, మూడే మూడు పరీక్ష గదులు. మిలిటరీలో పనిచేసి రిటైరైన పెద్ద డాక్టరుగారు నడిపేవారు. అక్కడ హాల్లో కూర్చున్నవాళ్ళకి కళ్ళలో మందు చుక్కలు వేసి, కళ్ళు మూసుకోమంటారు. టోకెన్ నంబరు గోడ మీద ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా చూసేవాళ్ళు ఉండరు, చెవికి వినపడాల్సిందే. ఇన్నాళ్ళూ మైకులో పిలిచిన నర్సు పురిటికి సెలవు పెట్టింది. ఆవిడ పని మా ప్రోగ్రాము చెయ్యాలి. పెద్ద డాక్టరుగారు బాగుందని కాగితం మీద సంతకం పెడితే నాకు ఉద్యోగం.

పిలిచే గొంతు కావాలి కదా. మా ఆఫీసులో ఒకరికి దగ్గు, ఒకరికి ముక్కు, మా లీడుకి, అంటే మా టీము పెద్దకి, నిమిషానికోసారి గొంతు సవరించుకునే అలవాటు. ఆయన హైదరాబాద్ మనిషి, నలభైకి దగ్గర పడ్డారు. రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి కంప్యూటర్లలోకొచ్చారు.

"నువ్వే చెప్పమ్మా, నీ గొంతు మంచిగున్నది," అన్నారు. "జెర మీ ఊరి రాగం తియ్యకు."

తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, కింద రంపం ఆగే దాకా కాచుకుని, ఒకటి నుంచి రెండు వందల దాకా చదివాను. ఎంత వద్దన్నా నూట యాభై దాటాక రాగం వచ్చేసింది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఆ సాయంత్రం హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే వినిపిస్తే, ఎవరో చదువుకున్న పిల్లలా ఉందని మురిసిపోయాను.

ఇక ప్రోగ్రాము సంగతి. మూడు గదులకీ మూడు థ్రెడ్లు. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాములో తన పని తాను చేసుకుపోయే పనిమనిషి అనుకోండి. ముగ్గురూ ఒకేసారి పనిచేస్తారు, ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగరు. కానీ స్పీకరు ఒక్కటే. ముగ్గురూ ఒకేసారి నోరు తెరిస్తే సంతే. అందుకని ఒక లాక్ పెట్టాం. ఎవరు మాట్లాడాలన్నా ముందు ఆ లాక్ తీసుకోవాలి, మాట్లాడి తిరిగి ఇచ్చెయ్యాలి. ఒకరి దగ్గర ఉన్నంతసేపూ మిగతావాళ్ళు నోరు కట్టుకుని నిలబడాల్సిందే.

ఈ థ్రెడ్లనీ లాక్‌లనీ ఒకే జాబితాలో వేసి ఉంచేవాళ్ళం. పొద్దున్న ప్రోగ్రాము మొదలవగానే జాబితాలో ఏది ఏ రకమో గుర్తు పెట్టుకోవాలి, సాయంత్రం ముయ్యడానికి అది అవసరం. థ్రెడ్ అయితే పని ముగించేదాకా ఆగాలి, లాక్ అయితే వదిలించాలి. ఏది ఏదో పోల్చే ఆ నాలుగు లైన్లు నాకు అప్పజెప్పారు. నాలుగు లైన్లే కదా అని నవ్వుకున్నాను కూడా.

మేం రాసేది పైథాన్ అనే కంప్యూటర్ భాషలో. మల్కాజ్‌గిరి స్టేషన్ గోడ నిండా వేరే భాషల కోచింగుల కాగితాలే, దీని పేరు విన్నవాడు లేడు. అందులో "ఇది థ్రెడ్ రకమా?" అని అడిగితే చక్కగా అవునో కాదో చెప్పింది. "ఇది లాక్ రకమా?" అని అడిగితే అవుననలేదు, కాదనలేదు, ఎర్రబడి ప్రోగ్రామునే ఆపేసింది. లాక్ అనేది రకం పేరే కాదు పొమ్మంది. చేతిలో లాక్ ఉంది, దాన్ని తయారుచేసింది నేను, పేరు లాక్. అది రకం కాదంటే ఎలా? కళ్ళెదుట ఆవుని పెట్టుకుని ఆవు అనేదే లేదంటే ఒళ్ళు మండదూ? నాకు మండింది. మూడు రోజులు అదే ప్రశ్న అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగాను.

"ఏందమ్మా, మూడు దినాల సంది గదే పట్టుకొని కూసున్నవ్?" అన్నారు లీడు.

"అడిగిందానికి జవాబు చెప్పట్లేదు సార్."

"అడుగుడు సుత నేర్చుకోవాలె," అని ఆయన తన టీ తాను తాగారు.

ఆ ఆదివారం అమ్మతో జనరల్ బజారుకి వెళ్ళాను. చీరకి జాకెట్టు గుడ్డ కావాలి. మ్యాచింగ్ కొట్టులో రంగురంగుల తానులు గోడంతా నిలబెట్టి ఉంటాయి. అమ్మ మొదలుపెట్టింది. "వంకాయరంగు కాదు బాబూ. నేరేడు కాదు. అలగని ఉల్లిపొర కూడా కాదు."

కొట్టతను చేతులు జోడించాడు. "అమ్మా, పేరు చెప్పకుండ్రి. మీరు వంకాయ అంటరు, ఇంకొకరు గదాన్నే నేరేడు అంటరు. చీర ఉంటె గిట్లియ్యుండ్రి." అమ్మ సంచిలోంచి తీసిచ్చిన చీర కొంగుని తానుల మీద పెట్టుకుంటూ పోయి, మూడోదాని దగ్గర ఆగాడు. అంతే, దొరికింది.

నేను అక్కడే, బారు బల్ల మీద చెయ్యి పెట్టి, గట్టిగా నవ్వేశాను. పేరు అడగడమే తప్పు. పైథాన్‌లో లాక్ అన్నది అడిగితే ఒక లాక్ చేసి ఇచ్చే కొట్టు పేరు, సరుకు రకం పేరు కాదు. సరుకు రకానికి లోపల వేరే పేరుంది, దాన్ని పైకి చెప్పరు. నాకు పేరుతో పనేమిటి? ఒక అసలైన లాక్‌ని శాంపిల్‌గా పట్టుకుని, దాని రకమూ దీని రకమూ ఒకటేనా అని పోలిస్తే సరి. ఆ క్షణంలో నాకు కొట్టతన్ని మా కంపెనీలో చేర్చుకోవాలనిపించింది.

ఈలోగా అమ్మ గుడ్డ ముక్క పట్టుకుని గుమ్మం దాటింది. "ఇలగ లైటు కింద చూస్తే ఏటి తెలుస్తాది? ఎండలో చూసొస్తాను." పరీక్ష చెయ్యకుండా మా అమ్మ ఏదీ కొనదు. బల్బయితే కొట్లో వెలిగించాలి, గొడుగయితే విప్పాలి, కొబ్బరికాయని చెవి దగ్గర ఊపాలి. ఎండలో గుడ్డ చూసింది, బాగుందనుకుంది, ఎదురుగా ములక్కాడలు కనపడితే బేరానికి దిగింది, బేరం కుదరక ముందుకి నడిచింది. భుజాన కొట్టువాడి గుడ్డ అలాగే ఉంది. అతను వీధి మలుపు దాకా పరిగెత్తాడు.

"అమ్మా, గుడ్డ తీస్కపోతున్నరు."

"ఇచ్చీసేననుకున్నాను బాబూ," అంది అమ్మ, ఏమాత్రం తొణక్కుండా. నాకు నవ్వి నవ్వి డొక్కలో పోటొచ్చింది.

సోమవారం పొద్దున్నే శాంపిల్ పద్ధతి రాసేశాను. శాంపిల్ కోసం కొత్త లాక్ చెయ్యడం దేనికి, స్పీకరు లాక్ ఉండనే ఉంది కదా, దాన్నే వాడాను. మా ఇంట్లో ఉన్నది ఉండగా కొత్తది కొనరు. పనిలో పని, శాంపిల్ సరైనదేనో కాదో చూడాలి కదా అని, దాన్నొకసారి తీసుకుని కూడా చూశాను. చక్కగా వచ్చింది. సరుకు మంచిదే. తరవాత జాబితాలో ఉన్నవన్నీ ఠకఠకా పోల్చేసింది. ఆఫీసులో స్పీకరు లేదు, మాటలకి బదులు తెర మీద అక్షరాలు పడేవి, వాటికి లాక్‌తో పని లేదు. అంతా బ్రహ్మాండం.

"ఇగ షురూ చేద్దాం," అన్నారు లీడు. గురువారం కంప్యూటర్ని ఆటోలో నా ఒళ్ళో పెట్టుకుని, తిరుమలగిరి మీదుగా, ప్రతి గతుకుకీ దాన్ని చంటిపిల్లలా గుండెకి హత్తుకుంటూ బొల్లారం వెళ్ళాం. లీడు పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళారు. నేను హాలు పక్కనున్న సామాన్ల గదిలో, కళ్ళజోళ్ళ అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను. కంప్యూటరు అక్కడే, స్పీకరు నడిపే యాంప్లిఫైయరు అక్కడే. సామాన్ల గదికి హాల్లోకి తెరుచుకునే చిన్న కిటికీ ఒకటుంది. హాలు నిండా జనం. అందరూ తలలు కాస్త పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

తొమ్మిదింటికి మూడు గదుల్లోనూ డాక్టర్లు బటన్లు నొక్కారు. స్పీకరు మాట్లాడలేదు.

అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. బీరువా తలుపు చెవిలో కిర్రుమంది. హాల్లో ఒకాయన కళ్ళు తెరవబోతే పక్కనున్నాయన వారించాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే పెద్ద డాక్టరుగారు తలుపు తీసుకుని బయటికొస్తారు. యాంప్లిఫైయరు మీద, సెలవులో ఉన్న నర్సు వాడిన పాత మైకు దుమ్ము పట్టి ఉంది. చెయ్యి దానంతటదే పోయింది.

"ఒకటి. ఒకటో గదికి రండి," అన్నాను. స్పీకర్లోంచి నా గొంతు వచ్చింది, రికార్డులో ఉన్నట్టే, అంత మర్యాదగానూ. "రెండు. రెండో గదికి రండి."

జనం లేచారు, కదిలారు. ఏ గదిలోంచి మనిషి బయటికొస్తే ఆ గదికి తరవాతి టోకెన్ పిలవడం, మధ్యలో తెర మీద నా ప్రోగ్రాము వెతుక్కోవడం. భయం ఎప్పుడు పోయిందో తెలియదు, పదో టోకెన్ దాటేసరికి హుషారు తలకెక్కింది. మా ఊరి రాగం వస్తున్నా ఆపుకోలేదు. మిషన్లా పలకడం మిషన్ కన్నా నాకే బాగా వచ్చని అనిపించింది.

కిటికీ దగ్గర బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేతిలో టోకెన్ చీటీ, మూసిన కళ్ళ మీద రుమాలు. ఆవిడ ముఖం పైకెత్తి స్పీకరునే అడిగింది. "బిడ్డా, నాది యాభై నాలుగట. ఇంకెంత సేపైతది?"

అడిగిన పెద్దమనిషికి జవాబు చెప్పకుండా ఉండడం మా ఇంట నేర్పలేదు. మైకులోనే చెప్పాను. "ఇంకా చాలా మందున్నారు మామ్మా. ఓ గంటన్నర పడుతుంది, వెనక్కి వాలి కూర్చోండి."

"మంచిది బిడ్డా," అంది. వెంటనే ఇంకెవరో బాత్రూమ్ ఎటని అడిగారు. ఎడమ చేతివైపని చెప్పాను. ఒకాయన చుక్కలు మండుతున్నాయన్నాడు. కాసేపే ఉంటుందండీ, రుద్దకండన్నాను. ఆ మాటలన్నీ పెద్ద డాక్టరుగారి గదిలోకి కూడా వినపడుతున్నాయని నాకు తట్టనే లేదు. లీడు తరవాత చెప్పారు, "బాత్రూమ్ ఎడమకి" అన్నప్పుడు తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయిందట. లేచి వద్దామంటే డాక్టరుగారు మిలిటరీ కబుర్లలో ఉన్నారట.

నలభయ్యో టోకెన్ పిలిచి, నా నాలుగు లైన్ల దగ్గర చూపు ఆగింది. శాంపిల్‌గా స్పీకరు లాక్‌ని తీసుకున్నాను. మంచిదో కాదో చూశాను. ఆ కింద లైనులో తిరిగి ఇవ్వాలి. కింద లైను లేదు. పొద్దుట్నుంచీ లాక్ నా నాలుగు లైన్ల దగ్గరే ఉండిపోయింది, మూడు థ్రెడ్లూ దాని కోసం మూగనోము పట్టాయి. జనరల్ బజార్లో అమ్మ భుజం మీది గుడ్డని చూసి డొక్కలు పట్టుకుని నవ్వినదాన్ని నేనే. తల్లిని చూసి పిల్లని చూడమన్నారు ఇందుకే కాబోలు.

నలభై ఆరు దాకా మైకులో పిలుస్తూనే, తిరిగి ఇచ్చే లైను ఒక్కటి రాశాను. టోకెన్ నలభై ఏడు నుంచి మొదలయ్యేలా పెట్టి, ప్రోగ్రాము మళ్ళీ నడిపాను. "నలభై ఏడు. రెండో గదికి రండి," అంది స్పీకరు, నా నోరు కదలకుండా. నేను మైకు ఆపి హాల్లోకి వచ్చాను.

అప్పుడే పెద్ద డాక్టరుగారు బయటికొచ్చారు, వెనక లీడు. డాక్టరుగారి ముఖం వెలిగిపోతోంది. "చాలా బాగుందయ్యా. నంబర్లు పిలుస్తుందనుకున్నాను, అడిగిందానికి జవాబు కూడా చెప్తోంది. మా నర్సు కన్నా ఓపికగా ఉంది. ఏదీ ఆ కాగితం?"

లీడు నా వైపు చూశారు. ఆయనకి తెలుసు. నాకు కూడా తెలుసు, ఇప్పుడు నోరు మెదపకపోతే సంతకం పడుతుంది, లెటర్ వస్తుంది, దరఖాస్తు చింపొచ్చు. నిజం చెప్పొద్దూ, నోరు మెదపలేదు. పెన్ను మూత తీస్తున్న చప్పుడు విన్నాను.

కిటికీ పక్క పెద్దావిడ తల పైకెత్తింది. "బిడ్డా, నా ముందట ఇంకెందరున్నరు?"

"నలభై తొమ్మిది. ఒకటో గదికి రండి," అంది స్పీకరు.

"గది గాదు బిడ్డా. ఎందరున్నరు అంటున్న."

"యాభై. మూడో గదికి రండి."

ఆవిడ కాసేపు చెవి ఒగ్గి వింది. రుమాలు సర్దుకుని, పక్కనున్నవాళ్ళతో అంది. "పొద్దుగాల ఉన్న పిల్ల ఎటో ఎల్లిపోయింది. గొంతు గదే గని, లోపల మనిషి లేదు."

డాక్టరుగారి పెన్ను ఆగింది. ఆయన స్పీకరు వైపు చూశారు, లీడు వైపు చూశారు. లీడు గోడ మీద అక్షరాల పట్టీ చదువుతున్నట్టు నిలబడ్డారు.

"పొద్దున్న మాట్లాడింది నేనండీ," అన్నాను. ఒకసారి మొదలయ్యాక అంతా వచ్చేసింది, శాంపిలూ, లాకూ, మరిచిపోయిన లైనూ. "ఇప్పుడు మాట్లాడేది మిషనేనండీ. తప్పు నాది. బాగుచేశాను." ఆరు నెలలూ అక్కడితో సరి అనుకున్నాను. కానీ పెద్దావిడ ఇంకా తల పైకెత్తే ఉంది, అడిగినదానికి జవాబు అందక. వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "మీ ముందు ముగ్గురున్నారు మామ్మా."

ఆవిడ నా మణికట్టు తడిమింది, గాజుల దగ్గర ఆగింది. "ఇగో, గీమెనే," అంది.

డాక్టరుగారు కాగితాన్ని గోడకి ఆనించి సంతకం పెట్టారు. పెట్టి, దాని కింద సొంత దస్తూరీలో ఇంకో రెండు లైన్లు రాసి లీడు చేతికిచ్చి తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆటోలో తిరిగొస్తూ లీడు దాన్ని రెండుసార్లు చదివారు. "నెల రోజులు పొద్దుగాల పూట ఈ పిల్లని హాల్ల కూసోబెట్టాలె అని రాసిండు. పేషెంట్లు అడిగిందానికి జవాబు చెప్పనీకి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పంపాలంటే నిన్ను ఉంచుకోవాలె గద. ఏం తక్లీఫ్ వచ్చి పడ్డదో."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, తిరుమలగిరి దాటేదాకా ఏదీ ఆగలేదు. ఆ నెలంతా హాల్లో కూర్చున్నాను. పైనుంచి నా గొంతు నంబర్లు పిలిచేది, కింద నేను జవాబులు చెప్పేదాన్ని. కళ్ళు మూసుకున్న ఆ జనంలో ఒక్కరు కూడా మా ఇద్దరి మధ్యా పొరబడలేదు.